వెయ్యి వీసాలు, వెయ్యి దినాల కూలి

2024 అక్టోబరు 1 నుంచి భారత యువతకు ఆస్ట్రేలియా ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా అందుబాటులోకి వచ్చింది. 18 నుంచి 30 ఏళ్ల వయసున్నవారు ఏడాదిపాటు ఆ దేశంలో తిరగవచ్చు. ఖర్చుల కోసం ఏ పనైనా చేసుకోవచ్చు. నాలుగు నెలల దాకా చదువుకోవచ్చు కూడా. రెండు దేశాల మధ్య 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందంలో ఇచ్చిన హామీ ఇది. ఏడాదికి 1,000 మందికే అవకాశం. తొలి విడతలోనే దాదాపు 40 వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. లాటరీ తీసి ఎంపిక చేశారు. అంతకుముందే, 2023 ఫిబ్రవరిలో, బ్రిటన్ ‘యంగ్ ప్రొఫెషనల్స్’ పథకాన్ని ప్రారంభించి ఏటా 3,000 మంది భారతీయులకు రెండేళ్లు ఉండి పనిచేసుకునే వీలు కల్పించింది. అక్కడా ఎంపిక లాటరీ ద్వారానే.

పత్రికలు ఈ వార్తలను యువతకు శుభవార్తలుగా ప్రచురించాయి. ఏ యువత అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించలేదు. లాటరీకి కులం లేదు కాబట్టి ఇందులో కుల ప్రశ్నకు తావు లేదని చాలామంది అనుకుంటారు. లాటరీలో పేరు పడటానికి ముందు ఏం కావాలి, పేరు వచ్చాక ఏం కావాలి అని లెక్క వేస్తే, ఆ తటస్థత ఎంతదో తేలిపోతుంది. ఆ లెక్కను మెల్బోర్న్ నుంచో హైదరాబాదు నుంచో కాక, తనకల్లు నుంచి వేయడమే సబబు.

తనకల్లు శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరి నియోజకవర్గంలో ఒక కరువు మండలం. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో భాగం. ఉమ్మడి అనంతపురం సగటు వార్షిక వర్షపాతం 552 మిల్లీమీటర్లు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు బస్సు. ఇక్కడి జీవితాన్ని ఈ రెండు మాటల్లో చెప్పవచ్చు. కదిరి చుట్టుపక్కల మండలాల నుంచి జనం బెంగళూరు భవన నిర్మాణానికి, కేరళ కూలి పనులకు ఏళ్ల తరబడి వలస పోతున్నారు. కడప, రాయచోటి, కదిరి ప్రాంతాల స్త్రీలు కువైట్ ఇళ్లలో పాచిపనికి పోతున్నారు. మాల, మాదిగ పేటల నుంచి, సుగాలీ తండాల నుంచి, పేద ముస్లిం, వెనుకబడిన కులాల ఇళ్ల నుంచి సాగే ఈ ప్రయాణాలకు ఏ ప్రభుత్వమూ ‘హాలిడే’ అని పేరు పెట్టలేదు. పనికోసం ఊరు విడవడం తనకల్లుకు కొత్త కాదు. ఆ విడవడంలో సెలవు అనే మాట ఉండటమే కొత్త.

తెలుగు శ్రామిక కులాల చరిత్రలో పరాయి నేలకు పనికి పోవడాన్ని సూచించే మాటలు చాలా ఉన్నాయి. కర్నూలు పడమటి మండలాల్లో కోత కాలపు వలసను సుగ్గి అంటారు. కోస్తా జిల్లాల్లో ‘రంగం పోవడం’ అంటే బర్మాకు కూలికి పోవడం. ఒప్పంద కూలీలుగా మారిషస్, నేటాల్, ఫిజీలకు ఓడలెక్కినవారికి ‘అగ్రిమెంట్’ అనే మాట ‘గిర్మిట్’ అయింది. 1917లో ఆ ఒప్పంద కూలి పద్ధతిని నిలిపివేసే నాటికి వేలాది తెలుగు కుటుంబాలు తిరిగి రాలేని దూరాలకు చేరిపోయాయి. 1930 మేలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు ఈ చరిత్రలో మరో నెత్తుటి పుట. ఈ మాటల్లో ఏ ఒక్కదానిలోనూ విహారం అనే అర్థం లేదు. పని చేసుకుంటూ లోకం చూడటం, ఇష్టం లేని పని వదిలి మరో ఊరు పోవడం, గడువు ముగిశాక గౌరవంగా ఇంటికి రావడం మన పేటలకు, తండాలకు ఎన్నడూ దక్కలేదు. ఇప్పుడు ఆ హక్కు కాగితం మీదికి వచ్చింది. అది ఎవరి చేతికి అందుతుందన్నదే ప్రశ్న.

ఇక లెక్క. ఆస్ట్రేలియా లాటరీలో పేరు నమోదుకు 25 డాలర్లు, అంటే దాదాపు 1,400 రూపాయలు. పేరు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. పేరు వస్తే తొలి ఏడాది (2024-25) వీసా రుసుము 650 డాలర్లుగా ఉండేది. అక్కడ దిగాక బతకగలమని చూపడానికి చేతిలో సుమారు 5,000 డాలర్లు, తిరుగు ప్రయాణ చార్జీ అదనం. అప్పటి మారకం రేటు ప్రకారం రుసుము, నిల్వ కలిపితేనే మూడు లక్షల రూపాయలు దాటుతుంది. విమాన టిక్కెట్టు, పాస్‌పోర్టు, ఇంగ్లీషు పరీక్ష ఇందులో చేరలేదు. పైగా పన్నెండో తరగతి తర్వాత కనీసం రెండేళ్ల చదువు ఉండాలి. బ్రిటన్ లాటరీలో పేరు నమోదు ఉచితం. కానీ డిగ్రీ తప్పనిసరి. 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు బ్యాంకు ఖాతాలో నిలిచి ఉండాలి. వీసా రుసుముకు తోడు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్ల ఆరోగ్య సర్‌చార్జీ ముందే కట్టాలి.

మూడు లక్షలంటే తనకల్లులో ఎంత? 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. మూడు లక్షలంటే వెయ్యి దినాల కూలి. చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పనికే హామీ ఇచ్చింది. అంటే ఒక కుటుంబం పదేళ్లపాటు ఒక్క పూటా తినకుండా, ఒక్క రూపాయీ ఖర్చు పెట్టకుండా కూడబెడితే ఆ మొత్తం సమకూరుతుంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలోనే. కరువు నేలకు కనీస పని హక్కు ఇవ్వడానికి పుట్టిన చట్టం ఇచ్చే కూలితో కొలిస్తే, లోకం చూసే హక్కు పదేళ్ల దూరంలో ఉంది.

డబ్బు ఒక్కటే అడ్డంకి అయితే దీన్ని పేదరికపు సమస్య అనవచ్చు. అగ్రకులాల పేదలకూ వర్తిస్తుందనవచ్చు. కానీ డబ్బు సమకూరే దారులకు కులం ఉంది. ఆస్ట్రేలియా లాటరీలో పేరు వచ్చిన తర్వాత దరఖాస్తుకు దొరికేది 28 రోజుల గడువు. ఆ గడువులో మూడు నాలుగు లక్షలు చూపగలవారెవరు? పట్టా ఉన్న భూమి కుదువ పెట్టగలవారు, ఇంట్లో బంగారం ఉన్నవారు, ఉద్యోగంలో ఉన్న మేనమామో పెదనాన్నో నెల రోజులు ఖాతాలో డబ్బు వేసి ఉంచగలవారు. భూమి లేని ఇంటికి, ఉన్నా వర్షాధారపు రెండెకరాల డి-పట్టా మాత్రమే ఉన్న ఇంటికి మిగిలేది వడ్డీ వ్యాపారి గడప. మూడు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెస్తే నెలకు తొమ్మిది వేలు వడ్డీకే పోతుంది. అలా అప్పుతో పోయిన యువకుడికి అది విహారం కాదు, మళ్లీ గిర్మిటే. యజమాని బాగోలేకపోతే వదిలి వెళ్లగలిగే స్వేచ్ఛ ఈ వీసా ప్రాణం. అప్పున్నవాడికి ఆ స్వేచ్ఛ ఉండదు.

సమాచారానికీ కులం ఉంది. లాటరీ ఎప్పుడు తెరుస్తారు, ఏ పత్రం ఎలా ఉండాలి, దిగిన మొదటి వారం ఎవరింట్లో తలదాచుకోవాలి అన్న సంగతులు ప్రభుత్వ ప్రకటనల ద్వారా కన్నా బంధువుల ఫోన్ల ద్వారానే ముందు తెలుస్తాయి. మూడు తరాలుగా విదేశాల్లో బంధువులున్న కులాలకు ఆ ఫోన్లు ఉన్నాయి. ప్రవాస తెలుగు సంఘాల చీలికల్లో కులం పాత్ర ఏమిటో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. తనకల్లు పేటలకు ఉన్న విదేశీ బంధుత్వం కువైట్‌తో. అక్కడి నుంచి వచ్చే ఫోన్లలో ఉండేది జీతం ఆగిన కబురు, పాస్‌పోర్టు సేఠ్ దగ్గర ఉండిపోయిన కబురు.

ఇక్కడే మన రాజ్యం తన పౌరులను ఎలా విభజిస్తున్నదో చూడాలి. 1983 వలస చట్టం కింద పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ‘వలస తనిఖీ అవసరం’ అన్న ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే వారు అనుమతి తీసుకోవాలి. ఆ పాస్‌పోర్టుతో ఇంటి పనికి పోయే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. రక్షణ కోసమే ఈ నిబంధన అంటారు. రక్షణ ఎంత దొరికిందో గాని, అడ్డదారి ఏజెంట్లకు గిరాకీ మాత్రం బాగా పెరిగింది. ఇప్పుడు రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టి చూడండి. చదువుకున్న ఇంటి అమ్మాయి 30 ఏళ్లు దాటితే ఆస్ట్రేలియా విహార వీసాకు అర్హత పోతుంది. చదువు దక్కని ఇంటి అమ్మాయికి 30 ఏళ్లు నిండితే తప్ప కువైట్ పాచిపనికి అర్హత రాదు. ఒకరి యవ్వనం లోకం చూడటానికి. మరొకరి యవ్వనం ముగిశాకే లోకం, అదీ వంటింటి దాకానే. పదో తరగతి ఎవరి పిల్లలు దాటారు, ఎవరి పిల్లలు మధ్యలో బెంగళూరు బస్సెక్కారు అన్నది ఏ కులానికా కులం తెలిసిన సంగతే. కులం పేరు ఎత్తకుండానే కులాన్ని అమలు చేయడం అంటే ఇదే.

ఈ వీసా పుట్టుక కూడా తెలుసుకోదగినది. 1901 వలస నియంత్రణ చట్టంతో ఆస్ట్రేలియా తెల్లవారి దేశంగా ఉండాలని నిర్ణయించుకుంది. అధికారి ఎంచుకున్న ఏదో ఒక ఐరోపా భాషలో చెప్పిన యాభై మాటలు రాయలేకపోతే గుమ్మంలోనే వెనక్కి పంపే పరీక్ష పెట్టింది. ఆ విధానపు చివరి ఆనవాళ్లు 1973 నాటికి గాని తొలగలేదు. రెండేళ్ల తర్వాత, 1975లో, బ్రిటన్, కెనడా వంటి దేశాల యువత కోసం వర్కింగ్ హాలిడే పథకం మొదలైంది. ఇప్పటికీ అందులో రెండు పంక్తులున్నాయి. బ్రిటన్, జపాన్ వంటి దేశాలవారు వచ్చే పంక్తిలో సంఖ్యకు పరిమితి లేదు, డిగ్రీ షరతు లేదు. మనవారిని నిలబెట్టిన రెండో పంక్తిలో పరిమితి, చదువు, భాష, లాటరీ అన్నీ ఉన్నాయి. మరో ఏడాది ఉండాలంటే మన యువత మారుమూల ప్రాంతాల్లో మూడు నెలలు పొలం పనో, అలాంటి నిర్దేశిత పనో చేయాలి. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికి 2024 జులై నుంచి ఆ షరతు ఎత్తివేశారు, వయోపరిమితిని 2023 జులైలోనే 35కు పెంచారు. మెట్లు కట్టి మనుషులను నిలబెట్టడం మనకు మాత్రమే తెలిసిన విద్య కాదు. అయితే ఆ మెట్లలో మనం కింద ఉన్నామని కోప్పడే అర్హత, ఊళ్లో మన కింద మెట్టు కట్టుకోనివారికే ఉంటుంది.

పొలం పని సంగతి ప్రత్యేకంగా చూడాలి. ద్రాక్షతోటలో కాయలు కోయడం, కమలాలు తట్టలకెత్తడం ఆ దేశంలో వీసా పొడిగింపునకు అర్హత. 2024-25లో ఆస్ట్రేలియాలో కనీస వేతనం గంటకు 24 డాలర్ల 10 సెంట్లు. అక్కడ ఒక గంట పని ఇక్కడి నాలుగు రోజుల ఉపాధి కూలికి సమానం. ఈ పనిలో అనుభవం ఎవరికుంది? శెనక్కాయ చెట్లు పీకి, కాయలు ఒలిచి, టమాటా కోసి, చింతపండు కొట్టి బతికే తనకల్లు కూలి ఆడమనిషికి, ఆమె బిడ్డకు. కానీ ఆ నైపుణ్యానికి దరఖాస్తులో గడి లేదు. పొలంలో చేయి పెట్టని ఇంటి డిగ్రీకి ఉంది. ఇంట్లో విస్తరి ఎత్తని యువకుడు సిడ్నీ హోటల్లో పళ్లేలు కడిగితే దాన్ని శ్రమ గౌరవం అంటాం, ఫొటో తీసి మెచ్చుకుంటాం. అదే పని తరతరాలుగా చేసినవారి బిడ్డను మాత్రం ఊరి హోటల్లో వేరే గ్లాసుతో ఎదుర్కొన్న రోజులు మరీ పాతవి కావు. కులం పనిని మాత్రమే విడదీయదు, పనివారిని విడదీసి మెట్ల మీద నిలబెడుతుందన్న అంబేడ్కర్ అవగాహనకు ఇంతకన్నా తేటైన ఉదాహరణ ఏముంటుంది? దేశం మారితే పని గౌరవం మారుతోందంటే, మైల పనిలో లేదని, చూసే కంట్లో ఉందని రుజువైనట్టే.

విదేశం అంటే మోజు తప్ప ఏముంది, దళితుల ప్రశ్నకు దీనికి సంబంధమేమిటి అని అడిగేవారు అంబేడ్కర్ జీవితాన్నే మరోసారి చదవాలి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ విద్యార్థి వేతనం ఇవ్వబట్టే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి పోగలిగారు. 1920లో తిరిగి లండన్ వెళ్లడానికి సిడెన్‌హామ్ కళాశాల జీతంలో దాచుకున్న డబ్బుకు కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక మిత్రుడి చేబదులు తోడయ్యాయి. ప్రతిభ ఎంత ఉన్నా టిక్కెట్టు డబ్బు ఎవరో ఒకరు ఇవ్వవలసి వచ్చింది. ఆయన స్వీయానుభవాలు రాసిన చిన్న పుస్తకం పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. అందులో ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, విదేశంలో గడిపిన ఆ కొన్నేళ్లు అంటరానితనపు స్పృహనే తన మనసు నుంచి చెరిపేశాయన్నది. తిరిగి వచ్చి బరోడాలో దిగగానే తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టారు. డిగ్రీలు ఆయనకు జ్ఞానాన్నిచ్చాయి. కానీ కులం అడగని వీధిలో నడిచిన అనుభవం, కులం ప్రకృతి ధర్మం కాదని శరీరానికే తెలిపింది. తనకల్లు యువతకు మనం అడుగుతున్నది ఆ అనుభవాన్నే. పట్టా కోసం పోవడానికి విద్యార్థి వేతనాలున్నాయి. కులం లేని గాలి పీల్చడానికి ఏ పథకమూ లేదు.

అయితే విదేశంలో కులం ఉండదన్న భ్రమ కూడా పనికిరాదు. వలసపోయినవాడి పెట్టెలో ఆవకాయతో పాటు కులమూ పోతుంది. బ్రిటన్‌లో తిర్కీ కేసుగా పేరొందిన వ్యాజ్యంలో, బిహార్ నుంచి తీసుకుపోయిన ఒక ఆదివాసీ స్త్రీ చేత భారతీయ కుటుంబం రోజుకు 18 గంటలు, వారానికి ఏడు రోజులు చాకిరీ చేయించుకుని గంటకు 11 పెన్నీల చొప్పున ఇచ్చిందని తేలింది. 2015లో ఉపాధి ట్రిబ్యునల్ ఆమెకు దాదాపు 1,84,000 పౌండ్లు చెల్లించమని ఆదేశించింది. అదే బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్దేశించినా, 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అదే ఏడాది అక్టోబరు 7న గవర్నర్ తిరస్కరించారు. వీటన్నిటికీ ముందు, 2001లో డర్బన్ జాత్యహంకార వ్యతిరేక సదస్సులో కులం ప్రస్తావన రాకూడదని పట్టుబట్టింది మన ప్రభుత్వమే. తెల్లవారు చూపే జాతి వివక్ష మీద గొంతెత్తే ప్రవాస సంఘాల్లో చాలా, కులం మాట రాగానే మౌనం వహిస్తాయి.

అక్కడి పని కూడా పూలబాట కాదు. వర్కింగ్ హాలిడే వీసా మీద వచ్చినవారిని పొలాల్లో, గిడ్డంగుల్లో తక్కువ కూలికి వాడుకుంటున్నారని ఆస్ట్రేలియా ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ 2016లో విచారణ నివేదిక ఇచ్చింది. తట్టల లెక్కన కూలి ఇచ్చే తోటల్లో సైతం గంటకు కనీస మొత్తం దక్కాలన్న నిబంధన 2022 ఏప్రిల్‌లో గాని అమలులోకి రాలేదు. ఆ నిబంధన కూడా కార్మిక సంఘాల పోరాటం వల్లనే వచ్చింది. అయినా ఒక తేడా ఉంది. అక్కడ ఫిర్యాదు చేయడానికి ఒక కార్యాలయం, అడగడానికి ఒక గంట రేటు ఉన్నాయి. యజమానిని మార్చినా వీసా పోదు. కువైట్ ఇంటిపనిలో కఫీలు అనుమతి లేనిదే గడప దాటలేని స్త్రీకి లేనివి ఇవే. అందుకే ఒకే మండలం నుంచి పోయే ఇద్దరిలో ఎవరికి ఏ వీసా దొరుకుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

కొన్ని అభ్యంతరాలకు సమాధానం చెప్పవలసి ఉంది. మొదటిది, వెయ్యి సీట్ల కోసం ఇంత చర్చ అవసరమా? దేశమంతటికీ వెయ్యి అంటే మన రాష్ట్రానికి దక్కేవి కొన్ని పదులే. నిజమే. కానీ ఒప్పందాలు పెరుగుతున్న కాలమిది. బ్రిటన్, ఆస్ట్రేలియాలతో మొదలైన ఈ మార్గం వాణిజ్య ఒప్పందాల్లో ఒక మామూలు షరతుగా మారుతోంది. సాఫ్ట్‌వేర్ వలస మొదలైన 1990లలో కూడా సంఖ్య చిన్నదే. అప్పుడు ఆ రైలెక్కినవారి కులాల చేతికే ఇవాళ ఊళ్లలో భూమి, పట్టణాల్లో కళాశాలలు, ఎన్నికల్లో డబ్బు వచ్చి చేరాయి. తలుపు సందు తెరిచినప్పుడు అడగనివారు, బార్లా తెరిచాక వరుస చివర నిలబడవలసి వస్తుంది.

రెండోది, భూమి, నీళ్లు, ఉద్యోగాలు అడగవలసిన దళిత ఉద్యమం విదేశీ వీసాలు అడగడమేమిటన్నది. ఈ మాటలో నిజాయితీ ఉంది. తనకల్లుకు కావలసిన మొదటి వీసా హంద్రీ-నీవా నీళ్లే. అయితే ఒక హక్కు అడిగితే మరో హక్కు వదులుకున్నట్టు కాదు. ఊళ్లో ఉండగలిగే హక్కు, ఊరు విడవగలిగే హక్కు రెండూ స్వేచ్ఛలో భాగాలే. ఇన్నాళ్లూ పేటకు దక్కింది విడవక తప్పని దుస్థితి. దాన్ని విడవగలిగే స్వేచ్ఛగా మార్చమనే అడుగుతున్నాం. పైగా అగ్రకుల యువకుడు విదేశానికి పోతే ప్రగతి అని, దళిత యువకుడు పోవాలనుకుంటే ఉద్యమ ద్రోహమని కొలవడం సరికాదు.

మూడోది, పరాయి దేశపు వీసాలో మనం రిజర్వేషన్ ఎలా అడగగలమన్నది. అడగలేం. లాటరీని మార్చమనడం లేదు. లాటరీ గుమ్మం దాకా చేర్చే బాధ్యత మన రాజ్యానిదని అంటున్నాం. అందుకు సాధనాలు మన చట్టాల్లోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల, తెగల ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో మరో పదేళ్లు పొడిగించారు. జనాభా దామాషాలో నిధులు ఆ వర్గాలకే నేరుగా ఖర్చు చేయాలన్నది దాని సారం. విదేశీ విద్యకు సాయం చేసే పథకాలు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుస్తూ వచ్చాయి. 2022లో వాటిని ప్రపంచ ర్యాంకుల్లో తొలి 200 విశ్వవిద్యాలయాలకు పరిమితం చేయడంతో ప్రభుత్వ కళాశాలలో చదివిన విద్యార్థికి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 125 మందికే. 2025 జులైలో ఎంపికైన 106 మందిలో తొలుత 40 మందికే మంజూరు లేఖలు ఇచ్చి, మిగిలినవారికి నిధులుంటే ఇస్తామని చెప్పిన ఉదంతం చాలు, ఈ విషయంలో రాజ్యం శ్రద్ధ ఎంతో తెలియడానికి.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో, సాంఘిక, గిరిజన, వెనుకబడిన తరగతుల వసతి గృహాల్లో చివరి ఏడాది విద్యార్థులందరికీ ప్రభుత్వ ఖర్చుతో పాస్‌పోర్టు ఇప్పించాలి. ఇంగ్లీషు పరీక్ష రుసుము, లాటరీ నమోదు రుసుము భరించాలి. లాటరీలో పేరు వచ్చిన షెడ్యూల్డ్ కులాల, తెగల యువతకు 28 రోజుల గడువులోగా అందేలా, ఉప ప్రణాళిక నిధుల నుంచి వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. రాష్ట్రమంతా ఏడాదికి వంద మందికి తలా నాలుగు లక్షలు ఇచ్చినా నాలుగు కోట్లే. అదీ తిరిగి వచ్చే సొమ్మే. ఈ సాయం ఎవరికి అందిందో కులాలవారీగా, ఉపకులాలవారీగా, స్త్రీ పురుషులవారీగా ఏటా ప్రకటించాలి. 2025 ఏప్రిల్‌లో షెడ్యూల్డ్ కులాల వర్గీకరణను చట్టబద్ధం చేసిన రాష్ట్రం, ఆ న్యాయాన్ని కళాశాల సీటు, ప్రభుత్వ ఉద్యోగం దగ్గరే ఆపడం భావ్యం కాదు.

కువైట్ దారిలో ఉన్నవారిని మరిచి చేసే డిమాండ్ ఏదైనా మధ్యతరగతి డిమాండే అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. కదిరి వంటి చోట దాని కార్యాలయం తెరిచి, ఏజెంటు గడప తొక్కకుండానే స్త్రీలు ఒప్పందం చదివించుకుని, జీతం తెలుసుకుని వెళ్లే ఏర్పాటు చేయాలి. 1983 చట్టం స్థానంలో 2025 అక్టోబరులో కేంద్రం కొత్త వలస బిల్లు ముసాయిదాను విడుదల చేసింది. చదువును బట్టి పౌరులను రెండు రకాలుగా చూసే పద్ధతికి అందులో స్వస్తి పలకాలని దళిత, స్త్రీ, కార్మిక సంఘాలు కలిసి అడగాలి. ఇకపై ఏ దేశంతో యువత రాకపోకల ఒప్పందం కుదుర్చుకున్నా, ఆ దేశంలో పనిచేసే భారతీయుల మధ్య కుల వివక్ష కూడా శిక్షార్హమయ్యేలా షరతు పెట్టించాలి. డర్బన్‌లో అడ్డుపడిన రాజ్యం చేత ఆ మాట అనిపించడం సులువు కాదు. కానీ అడగడం మొదలు కావాలి.

సెలవు అనేది కూడా ఒక ఆస్తి. తరతరాలుగా కొన్ని కులాలకు అది వారసత్వంగా వచ్చింది. మరికొన్ని కులాలకు ఒక పూట మానుకుంటే పొయ్యి వెలగని బతుకే వారసత్వమైంది. భూమి పంచమన్నట్టే, నీళ్లు పంచమన్నట్టే, లోకాన్ని తీరికగా చూసి రాగలిగే ఒక ఏడాదిని కూడా పంచమని అడగవలసిన కాలం వచ్చింది. తనకల్లు అడ్డరోడ్డులో బెంగళూరు బస్సు కోసం మూటతో నిలబడిన పిల్లకు ఆ ఏడాది మీద ఎంత హక్కుందో, సిడ్నీ విమానం కోసం సూట్‌కేసుతో నిలబడిన పిల్లకూ అంతే ఉంది. ఆ ఇద్దరి మధ్య వెయ్యి దినాల కూలి అడ్డంగా ఉంది. దాన్ని తొలగించడం దాతృత్వం కాదు. రాజ్యాంగం అమలు.